ఆ గదిలో ఒక్క గంట: అమెరికా తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, వేసవి మహాసభల నిర్వాహకులకు, వారాంతపు తెలుగు బడుల్లో పాఠాలు చెబుతున్న అమ్మలకూ నాన్నలకూ నమస్కారం.

మహాసభల్లో ఇమ్మిగ్రేషన్ సదస్సు పెడితే గది చాలదు. హెచ్-1బి ఉద్యోగ వీసా పొడిగింపు సంగతేమిటి, గ్రీన్ కార్డు వరసలో మన వంతు చెప్పే ప్రయారిటీ డేట్ ఎప్పుడు కదులుతుంది, పిల్లవాడికి 21 నిండితే ఏం చెయ్యాలి అని అడిగేవాళ్ళు గోడల వెంట నిలబడి మరీ వింటారు. ఆ గదిలో ఒక్క గంట ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ గంటలో చైనీయుల ప్రవేశ నిషేధ చట్టం గురించి చెప్పాలి. 1882 నుంచి 1943 దాకా 61 ఏళ్ళు నడిచిన చట్టం అది. చెడ్డదని ఒక ముక్కలో చెప్పి వదిలేస్తే లాభం లేదు. ఏ కాగితం అడిగారు, ఎవరి సాక్ష్యం చెల్లలేదు, ఎక్కడ మెలిక పెట్టారు అన్నది విప్పి చూపించాలి. మన కుటుంబాలు ఇవాళ బతుకుతున్నది ఆ మెలికల మీద కట్టిన చట్టాల కిందే.

2025 జనవరి 20న ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు వచ్చింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడూ గ్రీన్ కార్డుదారుడూ కాకపోతే ఆ బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం ఉండదని దాని సారాంశం. వెంటనే కోర్టులకెక్కింది. ఆ వారమంతా మన వాట్సాప్ గ్రూపుల్లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే పేరు తిరిగింది. ఆయనెవరో, ఏం పని చేసేవాడో, ఏం పోగొట్టుకున్నాడో చెప్పినవాళ్ళు తక్కువ.

వాంగ్ కిమ్ ఆర్క్ వంటవాడు. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తల్లిదండ్రులు అక్కడే దుకాణం నడిపేవారు. 1890లో చైనా వెళ్ళి వచ్చాడు, ఏ ఇబ్బందీ రాలేదు. 1894లో మళ్ళీ వెళ్ళాడు. వెళ్ళే ముందు, ఇతను ఇక్కడే పుట్టాడని తెల్లవాళ్ళ చేత సంతకాలు పెట్టించిన పత్రం సిద్ధం చేసుకున్నాడు. 1895 ఆగస్టులో కాప్టిక్ అనే ఓడలో తిరిగొస్తే కస్టమ్స్ కలెక్టర్ దిగనివ్వలేదు. పుట్టింది ఇక్కడైనా నువ్వు చైనీయుడివే, కూలివే అన్నాడు. పుట్టి పెరిగిన ఊరు కళ్ళ ముందు కనిపిస్తుండగా నెలల తరబడి రేవులో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మార్చి కూర్చోబెట్టారు. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6-2తో ఆయన పుట్టుకతోనే పౌరుడని తేల్చింది. అమెరికాలో పుట్టిన మన పిల్లల నీలం పాస్‌పోర్టుకు ఆధారం ఆ తీర్పే.

ఇందులో మన వీసా కుటుంబాలు గమనించాల్సిన ముక్క ఒకటుంది. వాంగ్ తల్లిదండ్రులు అప్పటికి ఈ దేశంలో స్థిర నివాసం ఉన్నవాళ్ళని తీర్పులో రాశారు. తీర్పు తర్కం అంతా పుట్టిన నేల మీదే నడుస్తుంది, అయినా ఆ మాట అందులో ఉంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళది స్థిర నివాసం కాదు, కాబట్టి ఈ తీర్పు వాళ్ళకు వర్తించదు అని వాదించేవాళ్ళు పట్టుకునేది సరిగ్గా ఆ మాటనే. ఆ కొక్కెం ఎక్కడుందో తెలియకపోతే రేపు ఎవరైనా దాన్ని లాగినప్పుడు మనకు అర్థం కాదు. తీర్పు వచ్చాక కూడా 1901లో టెక్సాస్ ఎల్ పాసోలో ఆయన్ని మళ్ళీ అరెస్టు చేశారు. 1910లో ఆయన పెద్ద కొడుకుగా వచ్చిన అబ్బాయిని, కొడుకని నమ్మలేమంటూ వెనక్కి పంపారు. సుప్రీంకోర్టులో గెలిచిన మనిషి కూడా రేవులో గుమాస్తా ముందు ప్రతిసారీ మొదటినుంచీ రుజువు చేసుకోవలసి వచ్చింది.

మన సభల్లో తరచుగా వినబడే మాట ఇంకొకటుంది: "మేం లైన్లో నిలబడి, చట్టప్రకారం వచ్చాం." నిజమే, వచ్చాం. కానీ ఆ లైన్ ఎప్పుడు పుట్టిందో కూడా చెప్పాలి. 1849 బంగారు వేట రోజుల్లో కాలిఫోర్నియాలో దిగిన చైనీయులకు గానీ, ఐర్లండ్ నుంచి న్యూయార్క్‌లో దిగినవాళ్ళకు గానీ వీసా అనేదే లేదు. ఫలానా జాతివాళ్ళు కూలి పనికి రాకూడదని అమెరికా చట్టసభ కాంగ్రెస్ పేరు పెట్టి చట్టం చేసింది మొదట చైనీయుల మీదే, 1882 మే 6న. అంతకు ముందే 1875 పేజ్ చట్టం చైనా ఆడవాళ్ళకు దాదాపుగా దారి మూసేసింది. వాళ్ళు చెడు వృత్తి కోసం వస్తున్నారన్న అనుమానం మీద హాంకాంగ్‌లోని అమెరికన్ కాన్సల్ ఒక్కొక్కరినీ ప్రశ్నించేవాడు. అందుకే చైనాటౌన్లు దశాబ్దాలపాటు మగవాళ్ళ ఊళ్ళుగా మిగిలాయి. పెళ్ళాం బిడ్డలను తెచ్చుకోలేదు కాబట్టి వీళ్ళు ఈ దేశానికి కలవరని ఆ తర్వాత ఉపన్యాసాలిచ్చారు. ముందు దారి మూశారు, రాకపోవడం వాళ్ళ గుణమన్నారు.

1882 చట్టం కూలీలను, చేతిపని తెలిసినవాళ్ళను, గనుల్లో పనిచేసేవాళ్ళను పదేళ్ళపాటు ఆపింది. వ్యాపారులను, ఉపాధ్యాయులను, విద్యార్థులను, యాత్రికులను రానిచ్చింది. 14వ సెక్షన్ కింద ఏ కోర్టూ చైనీయులకు పౌరసత్వం ఇవ్వకూడదు. 1892లో ఇంకో పదేళ్ళు పొడిగించారు, 1902లో మళ్ళీ పొడిగించారు, 1904లో గడువే తీసేశారు. పదేళ్ళకని వచ్చిన చట్టం అది.

"వ్యాపారి" అంటే ఎవరో 1893లో నిర్వచించారు. స్థిరమైన చోట సరుకు కొని అమ్మాలి, వ్యాపారానికి అవసరమైనంత తప్ప ఒళ్ళు వంచి పని చెయ్యకూడదు. బయటికెళ్ళి తిరిగొస్తే, వెళ్ళే ముందు ఏడాదిపాటు అలాగే ఉన్నాడని చైనీయులు కాని ఇద్దరు సాక్షులు చెప్పాలి. లాండ్రీ యజమాని బట్టలు ఉతుకుతాడు, సరుకు అమ్మడు, కాబట్టి అతను వ్యాపారి కాడు. చాలాకాలం హోటలు యజమాని కూడా కాడు. 1915 ప్రాంతంలో కోర్టు నిర్ణయంతో పెద్ద హోటళ్ళ యజమానులకు ఆ హోదా దొరకడం మొదలయ్యాక చైనీస్ రెస్టారెంట్లు పెరిగాయి. ప్రతి ఊళ్ళో కనబడే చైనీస్ రెస్టారెంటు వెనక రుచి ఒక్కటే లేదు, వీసా హోదా కూడా ఉంది. ఉద్యోగ వివరణలో ఒక్క మాట తేడా వస్తే పిటిషన్ వెనక్కొస్తుందని తెలిసిన మన ఇంజనీర్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఊరి స్థాయిలో ఏం జరిగిందో చూపించడానికి లాండ్రీల ఉదంతం ఒక్కటి చాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గుర్రబ్బండి పెట్టుకున్న లాండ్రీకి లైసెన్సు రుసుం కొద్ది డాలర్లే, బండే లేనిదానికి మూడు నెలలకు 15 డాలర్లు. భుజాన కావడి వేసుకుని బట్టలు మోసేది చైనీయులే కాబట్టి, చట్టంలో వాళ్ళ పేరెత్తే అవసరం లేకపోయింది. 1880లో ఇంకో ఆర్డినెన్సు తెచ్చారు: చెక్క భవనంలో లాండ్రీ నడపాలంటే సూపర్‌వైజర్ల బోర్డు, అంటే నగర పాలక మండలి, అనుమతి కావాలి. నిప్పు భయం అన్నారు. ఊళ్ళో 320 దాకా లాండ్రీలుంటే అందులో 310 చెక్కవే, 240 చైనీయులవి. సుమారు 200 మంది చైనీయులు దరఖాస్తు పెట్టుకుంటే ఒక్కరికీ ఇవ్వలేదు. మిగతా జాతులవాళ్ళు 80 మంది పెట్టుకుంటే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు.

యిక్ వో అన్నది ఒక లాండ్రీ పేరు. దాని యజమాని లీ యిక్ అదే చోట 22 ఏళ్ళుగా బట్టలు ఉతుకుతున్నాడు. అగ్నిమాపక అధికారులు పొయ్యి, గొట్టం చూసి భద్రంగా ఉన్నాయని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆరోగ్య శాఖ మురుగు నీటి పారుదల చూసి బాగుందని ఇచ్చింది. రెండు కాగితాలూ చేతిలో ఉన్నాయి, అనుమతి మాత్రం రాలేదు. పని ఆపకపోతే 10 డాలర్లు జరిమానా వేశారు. కట్టనంటే జైల్లో పెట్టారు. 1886లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన పక్షాన నిలిచింది. కాగితం మీద అందరికీ ఒకేలా ఉన్న చట్టాన్ని ఒక జాతి మీదే వాడితే అది సమానత్వం కాదంది. పౌరుడు కానివాడికి కూడా రాజ్యాంగం 14వ సవరణ ఇచ్చే సమాన రక్షణ ఉంటుందంది. గ్రీన్ కార్డు కోసం ఎదురు చూస్తున్న మనవాళ్ళు ఇవాళ ఒక నగరపాలిక మీద కేసు వెయ్యగలుగుతున్నారంటే, బట్టలు ఉతికి బతికిన ఆయన వేయించిన పునాది అది.

ఇక దేశం దాటి వెళ్ళి రావడం. మనవాళ్ళు ఇండియా టిక్కెట్టు కొనేముందు లాయరును అడిగే ప్రశ్న ఇదే కదా. 1882 చట్టం కింద అప్పటికే ఇక్కడున్న కూలీలు ఊరెళ్ళి రావాలంటే రేవులో తిరుగు పత్రం తీసుకోవాలి. చే చాన్ పింగ్ 1875 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేశాడు. 1887 జూన్‌లో పత్రం తీసుకుని చైనా వెళ్ళాడు. 1888 సెప్టెంబరులో హాంకాంగ్‌లో ఓడెక్కాడు. ఆయన సముద్రం మీద ఉండగా, అక్టోబరు 1న, స్కాట్ చట్టం వచ్చి ఆ పత్రాలన్నిటినీ ఒక్క వేటుతో చెల్లనివి చేసింది. అక్టోబరు 8న ఓడ రేవుకు చేరింది. ఒక వారం తేడా. ఆ రోజుకు అలాంటి పత్రాలతో బయట ఉన్నవాళ్ళు సుమారు 20,000 మంది. ఇళ్ళూ దుకాణాలూ రావలసిన బాకీలూ ఇక్కడే ఉండిపోయాయి.

1889లో సుప్రీంకోర్టు ఆయన కేసు కొట్టేసింది. పరదేశీయులను రానివ్వాలా వద్దా అన్నది దేశ సార్వభౌమాధికారమని, ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని రాసింది. వలస విషయాల్లో ప్రభుత్వానికి కోర్టులు ఇంతింత వెసులుబాటు ఎందుకిస్తాయి అని ఎవరైనా అడిగితే, వేరు ఆ తీర్పులో ఉంది. రాసిన న్యాయమూర్తి స్టీఫెన్ ఫీల్డ్. ఖైదీలైన చైనీయుల జడలు కత్తిరించాలన్న శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్డినెన్సును అంతకు పదేళ్ళ ముందు కొట్టేసిందీ ఆయనే. మనిషిని మంచివాడు, చెడ్డవాడు అని గీత గీసి చెప్పే పాఠం ఇక్కడ కుదరదు.

2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించినప్పుడు, అది ఎవరికి వర్తిస్తుందో తేలేలోపే ఎందరో ఉన్నపళంగా విమానాలెక్కారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు కాదని తర్వాత వివరణ వచ్చింది. రెండూ ఒకటే అని మేము అనడం లేదు. ఆ రెండు రోజుల్లో మన ఇళ్ళలో పుట్టిన భయానికి అప్పటికే 137 ఏళ్ళ వయసుందని మాత్రం చెబుతున్నాం.

1892 గీరీ చట్టంతో ఇక్కడే ఉంటున్న ప్రతి చైనా కూలీ నివాస పత్రం తీసుకోవలసి వచ్చింది. తర్వాత దాని మీద ఫోటో కూడా తప్పనిసరి చేశారు. పత్రం లేకుండా పట్టుబడితే దేశంలోంచి పంపించేస్తారు. జబ్బు వల్లనో మరే కారణం వల్లనో తీసుకోలేకపోయానని చెప్పుకోవాలంటే, చట్టం వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నాడని కనీసం ఒక్క నమ్మదగిన తెల్లజాతి సాక్షి చెప్పాలి. ఎక్కడ తేడా వచ్చిందంటే, చైనాటౌన్‌లోనే పనిచేసి, అక్కడే తిని, అక్కడే పడుకునే మనిషికి తెల్లవాడు ఎవరు తెలుస్తాడు? కోర్టుకెళ్ళిన ముగ్గురిలో ఒకాయన నాకు తెలిసినవాళ్ళంతా చైనీయులే అన్నాడు, వాళ్ళ మాట చెల్లదన్నారు. చైనా సంఘాల సమాఖ్య "సిక్స్ కంపెనీస్" ఎవరూ నమోదు కావద్దని పిలుపిచ్చి, కేసు ఖర్చుకు తలా ఒక డాలరు పోగు చేసింది. లక్ష మందికి పైగా ఉన్న జనంలో గడువులోపు నమోదైనవాళ్ళు సుమారు 13,000 మందే. కేసు 1893లో 5-3తో ఓడిపోయారు. ఈసారి ఫీల్డ్ అసమ్మతి తీర్పు రాశాడు. సంఘం మాట విని నమోదు కానివాళ్ళందరూ ఒక్కరోజులో నేరస్థుల లెక్కలోకి వచ్చారు. కాంగ్రెస్ ఇంకో ఆరు నెలలు గడువిచ్చింది కాబట్టి బయటపడ్డారు. సంఘాలు నడిపే మీకు ఈ ఘట్టం ముఖ్యం: పిలుపు ఇచ్చేముందు ఓడిపోతే ఏం చెయ్యాలో కూడా రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు ఏంజెల్ ఐలండ్ అనే దీవి. మేము అడిగే గంటలో సగం దీనికే కావాలి.

1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చి, వెంట లేచిన మంటల్లో ఊరి జనన రికార్డులు కాలిపోయాయి. నేను ఇక్కడే పుట్టానని ఎవరైనా అంటే కాదనడానికి కాగితం లేదు. పౌరుడైన చైనీయుడు ఊరెళ్ళి వచ్చినప్పుడు అక్కడ నాకు కొడుకు పుట్టాడని నమోదు చేయించుకునేవాడు. నిజంగా పుట్టినా పుట్టకపోయినా ఒక ఖాళీ ఏర్పడేది. ఆ ఖాళీలో ఇంకొకరి కొడుకు వచ్చేవాడు. వయసులో ఏడాదికి వంద డాలర్ల చొప్పున ధర పలికేదని చెబుతారు. వీళ్ళనే కాగితపు కొడుకులు అన్నారు. అధికారులకూ ఈ సంగతి తెలుసు. అందుకని వచ్చిన ప్రతివాడినీ దొంగ అనుకునే విచారణ మొదలుపెట్టారు.

ఆ విచారణ 1910 జనవరి నుంచి 1940 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఆ దీవిలో జరిగింది. ముందు వైద్య పరీక్ష. మలంలో కొంకి పురుగు ఉంటే అక్కడే ఆపేసేవారు. తర్వాత చెక్క బారకాసుల్లో మూడంతస్తుల ఇనుప మంచాల మీద నిరీక్షణ. పిలుపు వచ్చాక బల్లకు అవతల ఇన్‌స్పెక్టర్లు, పక్కన స్టెనోగ్రాఫర్, దుబాసీ. కుమ్మక్కవకుండా విడతకో దుబాసీని మార్చేవారు. కొడుకును ఒకసారి, తండ్రిని ఇంకోసారి అవే ప్రశ్నలు అడిగేవారు. విచారణ ముగిసేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకూడదు. మీ ఇంటి వాకిలి ఏ దిక్కుకు ఉంది? మెట్లు ఎన్ని? మీ వరసలో మూడో ఇల్లు ఎవరిది? బియ్యం డబ్బా ఏ గదిలో పెడతారు? ఊరి బావి ఇంటికి ఎంత దూరం? మీ నాయనమ్మ పాదాలు పెరగకుండా బిగించి కట్టించుకున్నదా, మామూలు పాదాలా? ఇలా వందల ప్రశ్నలు, రెండు మూడు రోజులు.

ఎక్కడ దెబ్బ తినేవారంటే, నిజమైన కొడుకు కూడా ఇందులో ఓడిపోయేవాడు. తండ్రి ఊరు వదిలి పదేళ్ళయింది. ఈలోగా వంటగది గోడ కూలి, పొయ్యి వసారాలోకి మారింది. తండ్రి పాత ఇల్లు చెబుతాడు, కొడుకు కొత్త ఇల్లు చెబుతాడు. ఒకరు గడపను కూడా మెట్టు కింద లెక్కేస్తారు, ఇంకొకరు వెయ్యరు. టొయ్‌షాన్ పల్లెల యాస మాటను కాంటన్ నగరపు దుబాసీ ఇంకోలా అర్థం చేసుకుంటాడు. ఇంకోవైపు, ఓడలో వస్తూ ఈ ప్రశ్నలకు జవాబులున్న ముప్పై నలభై పేజీల పుస్తకం బట్టీపట్టి, రేవు చేరేముందు సముద్రంలో పారేసిన కాగితపు కొడుకు తడుముకోకుండా చెప్పి గట్టెక్కేవాడు. నిజం చెప్పేవాడి కంటే కంఠస్థం చేసినవాడికి అనుకూలంగా ఉన్న పరీక్ష అది. తప్పిపోయినవాళ్ళు వాషింగ్టన్‌కు అప్పీలు పెట్టుకుని నెలల తరబడి అక్కడే ఉండేవారు. ఆ గోడల చెక్క మీద వాళ్ళు చెక్కిన పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి. 1970లో భవనం కూల్చబోతుంటే అలెగ్జాండర్ వైస్ అనే పార్కు రేంజరు వాటిని గమనించడంతో అవి దక్కాయి.

ఈ కాగితపు పేర్లు అక్కడితో తీరలేదు. 1956లో ప్రభుత్వం ఒప్పుకోలు కార్యక్రమం పెట్టింది. ఒక్కడు నిజం చెబితే ఆ కాగితపు కుటుంబంలో అందరి పేర్లూ బయటికొచ్చేవి. నేటికీ ఇంటిపేరు ఒకటి, సమాధి రాతి మీద చైనీ లిపిలో పేరు ఇంకొకటి ఉన్న కుటుంబాలున్నాయి.

దీన్ని మన పిల్లలకు స్లైడ్లతో చెబితే అంటదు. ఇలా చెయ్యండి. ఊరి నుంచి తాతయ్యో అమ్మమ్మో వచ్చి ఉన్న కుటుంబం ఒకటి, తండ్రీ కూతుళ్ళ జంట ఒకటి, అన్నదమ్ముల జంట ఒకటి ఎంచుకోండి. జంటలో ఒకరిని బయటికి పంపండి. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఒక దుబాసీ, రాసుకునేవాళ్ళు ఒకరు. ఇరవై ప్రశ్నలు చాలు, అన్నీ తెలుగూరి ప్రశ్నలే: మీ తాతగారి పెంకుటింటి వసారాకు స్తంభాలెన్ని? గాదె ఏ గదిలో ఉండేది? రామాలయం వాకిలి ఏ దిక్కుకు? చెరువుగట్టుకు పోయేదారిలో రెండో ఇల్లు ఎవరిది? పెద్దమ్మగారి పెళ్ళినాటికి ఇంట్లో బర్రెలెన్ని? ఒక జంటకు పన్నెండు నిమిషాలు. తర్వాత రెండు జవాబు పత్రాలూ పక్కపక్కన పెట్టి తేడాలు గట్టిగా చదవండి. సొంత తండ్రీ కూతుళ్ళకు కూడా ఐదారు తప్పిపోతాయి. అప్పుడు చెప్పండి, ఏంజెల్ ఐలండ్‌లో ఇన్ని తేడాలు వస్తే ఓడ వెనక్కి ఎక్కించేవారని.

చిన్న జాగ్రత్తలు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలను జంటగా పెట్టకండి, తప్పు చెప్పి నాన్నను పంపించేశానని ఏడుస్తారు. వాళ్ళకు మేమీ టేప్ సంగతి చెప్పండి. 1884లో ఎనిమిదేళ్ళ ఆ పాపను చైనా పిల్ల అని శాన్‌ఫ్రాన్సిస్కో బడిలో చేర్చుకోలేదు. తల్లిదండ్రులు 1885లో రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచారు. గెలిచాక ఊరివాళ్ళు చైనీయులకు విడిగా బడి పెట్టారు. పిల్లలు ఆ కొసను వెంటనే పట్టుకుని అడుగుతారు, అక్కడ తొందరపడి జవాబు చెప్పకండి. కాగితపు కొడుకులను దొంగ సర్టిఫికెట్ల ముచ్చటగా తీసుకుని నవ్వుకోవడం మన సభల్లో జరగవచ్చు. చర్చ నడిపేవాళ్ళు అక్కడ ఆపి, ఆ రోజు న్యాయమైన దారి ఏది ఉందో చెప్పమని అడగాలి. కూలికి ఏ దారీ లేదు.

ఈ పాఠం చైనీయుల దగ్గర ఆగకూడదు, ఎందుకంటే చట్టమూ ఆగలేదు. 1907 సెప్టెంబరు 4న వాషింగ్టన్ రాష్ట్రం బెలింగ్‌హామ్‌లో రంపపు మిల్లుల్లో పనిచేస్తున్న పంజాబీలను మూక కొట్టి తరిమేసింది. 1917లో ఆసియాను గీత గీసి ఆపిన చట్టంలో మన దేశమూ పడింది. ఏంజెల్ ఐలండ్ బారకాసుల్లో వేలాదిమంది భారతీయులూ ఉన్నారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళ కిందకు రారని, పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చిన పౌరసత్వాలు కూడా వెనక్కి లాక్కున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరింది 1920ల మొదట్లో. హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన చేసిన పని లోకానికి తెలుసు. 1946 జులై దాకా ఆయన ఈ దేశ పౌరుడయ్యే దారి చట్టంలో లేదు. 1948లో పోయారు. మన సభల్లో ఆయన బొమ్మకు దండ వేస్తాం, ఈ వాక్యం కూడా ఆ దండ కింద రాయండి.

1943లో యుద్ధంలో చైనా మిత్రదేశం కాబట్టి నిషేధం ఎత్తేశారు. ఇచ్చిన కోటా ఏడాదికి 105. ప్రపంచంలో ఎక్కడ పుట్టినా చైనా రక్తమైతే ఆ 105లోనే లెక్క. 1946లో భారతీయులకు ఇచ్చింది ఏడాదికి 100. 1965 చట్టం వచ్చాకే ఈ లెక్కలు పోయాయి. 2011లో సెనేట్, 2012లో ప్రతినిధుల సభ 1882 చట్టానికి విచారం తెలిపాయి.

ఇక మన ఇంటి మాట. 2020లో కరోనా వచ్చినప్పుడు చైనీయుల మీద ఉమ్మినవాళ్ళలో మనవాళ్ళు లేకపోవచ్చు, కానీ ఆ వీడియోలకు నవ్వుతూ ఫార్వర్డ్ కొట్టిన వేళ్ళలో మన వేళ్ళున్నాయి. పోటీ పరీక్షల్లో చైనా పిల్లలు ముందుంటే యంత్రాలంటాం, మనవాళ్ళు ముందుంటే ప్రతిభ అంటాం. వాళ్ళ కళ్ళను, ముక్కును పట్టి పెట్టిన పేర్లు మన పెళ్ళి విందుల్లో పిల్లల ముందే వాడతాం. 1982లో డెట్రాయిట్‌లో చైనా సంతతివాడైన విన్సెంట్ చిన్‌ను జపాన్‌వాడనుకుని బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. చంపినవాళ్ళకు పడింది జైలు లేని ప్రొబేషనూ 3,000 డాలర్ల జరిమానా. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేథాలో ఒక బారులో హైదరాబాద్ ఇంజనీరును ఇరాన్‌వాడనుకుని కాల్చి చంపారు. కొట్టేవాడు మన పాస్‌పోర్టు చూసి కొట్టడు.

2023లో ఫ్లోరిడా చేసిన చట్టం ప్రకారం, అమెరికా పౌరులూ గ్రీన్ కార్డుదారులూ కాకుండా చైనాలో స్థిర నివాసం ఉన్నవారు స్థలం కొనకూడదు. పర్యాటక వీసా కాని వీసా ఉంటే ఒక్క ఇల్లు, రెండెకరాలు దాటకుండా, సైనిక స్థావరానికి ఐదు మైళ్ళ అవతల కొనుక్కోవచ్చు. 2025లో టెక్సాస్ చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియాల విషయంలో తనదైన చట్టం చేసింది. డాలస్ చుట్టుపక్కల ఇళ్ళు కొంటున్న మనవాళ్ళను ఇది తాకదు. మహాసభల్లో రియల్ ఎస్టేట్ స్టాళ్ళు పెట్టే టెక్సాస్ సంఘాలు దీని మీద ఒక్క తీర్మానం చేస్తే మాత్రం పక్కింటి చైనీయుడికి అది చాలా పెద్ద మాట. జాబితాలో దేశం పేరు మార్చడానికి ఒక సవరణ చాలు.

మీరు చెయ్యగలిగినవి కొన్ని రాస్తున్నాం. వచ్చే మహాసభల్లో ఇమ్మిగ్రేషన్ సదస్సుకు ముందు ఆ గంట, అదే గదిలో, అదే జనానికి. వేరే గదిలో సాహిత్య సభల పక్కన పెడితే పదిమంది వస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ హిస్టారికల్ సొసైటీ ఆఫ్ అమెరికా, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ చైనీస్ ఇన్ అమెరికా వంటి సంస్థల నుంచి వక్తను పిలవండి. ప్రయాణ ఖర్చు ఒక సినిమా అతిథికి పెట్టే దానిలో చిన్న ముక్క. బే ఏరియా తెలుగు బడులు ఏడాదికోసారి పిల్లలను ఏంజెల్ ఐలండ్ తీసుకెళ్ళండి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి, టిబురాన్ నుంచి పడవలుంటాయి. దిగిన రేవు నుంచి బారకాసుల దాకా మైలు పైచిలుకు ఎక్కుడు దారి, పెద్దవాళ్ళుంటే రవాణా సంగతి ముందే అడిగి ఉంచండి. నిజమైన విచారణ ఫైళ్ళు శాన్ బ్రూనోలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒక ఫైలు ప్రతి తెప్పించి అందులో ప్రశ్నలూ జవాబులూ పిల్లల చేత తెలుగులోకి మార్పించండి. పదో తరగతి పిల్లలకు అంతకు మించిన అనువాద పాఠం దొరకదు.

తెలుగూరి ఇరవై ప్రశ్నల పత్రం, ఇన్‌స్పెక్టర్ చదవాల్సిన ముందుమాట, తీర్పుల్లోంచి ఒక్కో పేజీ తెలుగు సారాంశం మేము తయారు చేసి ఉంచాం. ఏ సంఘమైనా, ఏ బడైనా అడిగితే పంపుతాం. పత్రంలో పదకొండో ప్రశ్న "మీ ఇంటి గడపను మెట్టు కింద లెక్కేస్తారా?" అని ఉంటుంది. దాన్ని మాత్రం తీసెయ్యకండి.

ఇట్లు,
వలస చట్టాల చరిత్ర చదువుతూ, చదివిస్తూ ఉన్న కొందరు తెలుగువాళ్ళం